మూడో పిలుపు

ముందే చెప్పేస్తున్నాను, ఆ రూలు రాసింది నేనే. కాబట్టి తిట్టుకోవాలన్నా నన్ను నేనే తిట్టుకోవాలి.

రావులపాలెం అరటిగెలల మార్కెట్ వెనక, హైవేకి ఆనుకుని ఉంటుంది మా లారీ బుకింగ్ ఆఫీసు. మా నాన్న ఎబినేజర్ గారు పెట్టింది. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. నా పేరు ఝాన్సీ. రవాణా ఏజెంట్ల సంఘానికి కార్యదర్శిని కూడా.

నాన్న రోజుల్లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకే లోడు. వ్యాపారి కిటికీ దగ్గరికొచ్చి 'కటక్ ఒక బండి' అనగానే ఇరవై మంది మీదపడిపోయేవారు. ఏజెంటు గారి బావమరిదికి ఒక లోడు, ఏజెంటు గారికి రాత్రి మందు పోయించినవాడికి ఇంకో లోడు. వారం రోజులుగా బండి కింద పడుకున్న మనిషికి మాత్రం సున్నా. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆ కిటికీ ముందు జరిగిన కొట్లాటలో ఒకాయన పన్ను ఊడి కింద పడింది. దాన్ని ఏరి, కడిగి, ఆయన చేతికిచ్చింది నేనే. ఛీ, ఇదేం వ్యాపారం, దీనికో పద్ధతి తేకపోతే నా పేరు మార్చుకుంటానని ఆ రోజే అనుకున్నాను. మొండిఘటాన్ని. మా అమ్మ కూడా అదే మాట అనేది.

తెచ్చాను కూడా. సంఘంలో వాళ్లందరినీ పోరి పోరి ఒప్పించి, గోడకి నల్లబోర్డు పెట్టించాను. వచ్చిన బండి నంబరు వచ్చిన వరసలో రాస్తాం. పైనున్న నంబరుకి ముందు లోడు. నేను కిటికీ దగ్గర కూర్చుని మైకులో పిలుస్తాను. మూడు పిలుపులు. ఒక్కో పిలుపు తర్వాత ఒక్క నిమిషం ఆగుతాను. బండాయన స్వయంగా 'ఆయ్' అని పలకాలి, పక్కవాళ్లు పలికితే చెల్లదు. మూడో పిలుపు తర్వాత కూడా నిమిషం దాటితే ఆ నంబరు కొట్టేసి బోర్డు అడుగున మళ్లీ రాస్తాం. బోర్డు మీంచి పూర్తిగా తీసెయ్యాలంటే మాత్రం యజమాని వచ్చి సంతకం పెట్టాలి. ఎవరి సీరియల్‌నీ ఎవరూ మాయం చెయ్యకూడదని ఆ ఆఖరి రూలు పెట్టాను. అది నాకే ఇలా అక్కరకొస్తుందని అప్పుడు తెలియదు.

మా యార్డులో మనుషులకి పేర్లుండవు, నంబర్లే. నలభై నాలుగు పదహారు అంటే ఐ.పోలవరం స్టీఫెన్ గారు. సొంత బండి, సొంత డ్రైవింగు. మాట తక్కువ. నవ్వితే ముందు కళ్లు నవ్వేవి, మూతి తర్వాత ఎప్పటికో నవ్వేది.

ఆ రోజుల్లో నేను సంఘం కోసం ఒక మంచి బుకింగ్ ఫారం తయారుచేద్దామని తంటాలు పడుతున్నాను. ఏ ఊరి యార్డులో ఏం రాసుకుంటారో తెలియదు. ఆ మాట ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నారులాగుంది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లొచ్చినా అక్కడి ఖాళీ ఫారం ఒకటి మడతపెట్టి జేబులో పెట్టుకొచ్చేవారు. కటక్‌ది, నాగపూర్‌ది, సిలిగురిది. కిటికీలోంచి నా ముందు పెట్టి, "ఇందులో డ్రైవరుకి అన్నం టైము కూడా రాత్తారండి, చూడండి," అనేవారు. అందరు ఆడవాళ్లకీ పూలూ చీరలూ వస్తాయి. నాకు పదకొండు ఊళ్ల ఫారాలు వచ్చాయి. ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ఆ మడతల దగ్గర డీజిల్ వాసన కూడా ఇంకా ఉంది. ఉందో, ఉందని నేననుకుంటున్నానో.

పెళ్లి మాట ఇద్దరం ఎత్తలేదు. యార్డు మొత్తానికి మాత్రం తెలుసు.

తొమ్మిదేళ్ల క్రితం సంఘం తరఫున మాకందరికీ మూడు నెలలు శిక్షణ ఇప్పించి ఆషాఢంలో పరీక్ష పెట్టారు. సరుకు రవాణా నిర్వహణ అని పెద్ద పేరు. కోనసీమ నుంచి పాసైన ఆడమనిషిని నేనొక్కదాన్నే. సర్టిఫికెట్టు సొరుగులో పడేస్తే స్టీఫెన్ గారికి కోపం వచ్చింది. ఆయన కోపం చూడ్డం అదే మొదటిసారి.

"ఇలా పడేత్తే చెదలు తినేత్తాయండి. ఇటివ్వండి, ఫ్రేము కట్టించుకొత్తాను," అని పట్టుకుపోయారు.

ఆ మర్నాడు పొద్దున్న ఫ్రేము తేవడానికి వెళ్లారు. ఆషాఢంలో లోడ్లుండవు. ఆయన నాలుగు రోజుల నుంచి బండి కింద పడుకుంటున్నారు. సరిగ్గా ఆ గంటలోనే కోల్‌కతా లోడొచ్చింది. బోర్డు మీద పైనున్న నంబరు నలభై నాలుగు పదహారు.

మూడు పిలుపుల రూలు పెట్టి అప్పటికి పదిహేను రోజులే. అందరి చూపూ నా మీదే. మేడమ్ గారి రూలు మేడమ్ గారి మనిషికి కూడానా అని ఒక మూల నవ్వులు. మొదటి పిలుపు పిలిచాను. రెండోది పిలిచాను. మూడోది పిలిచి గడియారం చూసి తలెత్తితే, హైవే అవతలి పక్క స్టీఫెన్ గారు. చంకలో పాత పేపరు చుట్టిన ఫ్రేము. మధ్యలో బస్సులు అడ్డం. ఆయన చెయ్యెత్తారు.

చూశాను. ఆ చెయ్యి చూశాను, ఆ ఫ్రేము చూశాను. నిమిషంలో ఇంకా కొంచెం మిగిలే ఉంది, అదీ చూశాను. మైకులో ఒక్క మాట అంటే సరిపోయేది, 'వస్తున్నారు, ఆగండి' అని. యాభై మంది నా మొహంలోకి చూస్తున్నారు. నిమిషం అయింది. కొట్టేశాను. తర్వాతి నంబరు సాలమోను గారిది. పిలిచాను, ఆయన 'ఆయ్' అన్నారు, లోడు వెళ్లిపోయింది.

స్టీఫెన్ గారు రొప్పుతూ కిటికీ దగ్గరికొచ్చారు. బోర్డు వైపు చూశారు. లోడు గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

"మీరు నన్ను చూసేరు కదండీ?" అన్నారు.

చూశాననలేదు, చూడలేదనీ అనలేదు. "రూలు రూలేనండీ," అన్నాను. మహాగొప్పగా అన్నాను. నా నోరు పడిపోను.

ఆయన ఫ్రేము కిటికీ గట్టు మీద పెట్టారు. అద్దం పగలకుండా నెమ్మదిగా పెట్టారు. "ఆయ్," అన్నారు. అంతే. సాయంత్రానికి యార్డులో బండి లేదు. ఆ తర్వాత ఆ బండి మా యార్డుకి రాలేదు.

మొదట్లో ఎవరో నాగపూర్ వైపు చూశామనేవారు, ఇంకెవరో బండి అమ్మేశారట అనేవారు. ఒక రోజు నాకు ఒళ్లు మండి, "ఆ మాట ఇంకోసారెత్తితే మీ సీరియల్ కొట్టేస్తాను," అని అరిచాను. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. అలా అరిచినందుకు ఎన్నిసార్లు ఏడ్చానో లెక్క లేదు.

నంబరు మాత్రం బోర్డు మీద ఉంది. యజమాని సంతకం లేకుండా తీయకూడదు కదా మరి. అడుగున రాస్తే పది పన్నెండు రోజులకి పైకి వస్తుంది. రాగానే పిలుస్తాను, "నలభై నాలుగు పదహారు." నిమిషం ఆగుతాను. మళ్లీ పిలుస్తాను. మళ్లీ ఆగుతాను. యార్డులో పాతవాళ్లు బీడీలు పక్కన పెట్టేస్తారు. కొత్తవాడెవడైనా, "ఎవరండీ ఆయన, ఎప్పుడూ రాడు?" అంటే మోచేత్తో పొడుస్తారు. మూడో నిమిషం అయ్యాక కొట్టేసి, మళ్లీ అడుగున రాస్తాను. నెలకి రెండు మూడుసార్లు, తొమ్మిదేళ్లు. ఆ మూడు నిమిషాల కోసం మిగతా పది రోజులు గడిపేదాన్నంటే నమ్మండి. ఆ మూడు నిమిషాలు గేటు వైపు చూసే హక్కు నాకుండేది.

సంబంధాలు రాలేదా అంటే వచ్చాయి. రాజోలు నుంచి ఒక మాస్టారు వచ్చారు. ఆయనకి నా మైకు నచ్చలేదు, నాకు ఆయన మీసం నచ్చలేదు. సరిపోయింది.

ఈలోగా నా రూలుకి పేరొచ్చింది. పక్క జిల్లాల సంఘాలవాళ్లు పిలిచి క్లాసులు చెప్పించుకున్నారు, నా ఫారం కూడా పట్టుకెళ్లి వాడుకున్నారు. రాజమండ్రిలో, అనకాపల్లిలో, ఇచ్ఛాపురంలో. ప్రతిచోటా చివర్లో ఒకే మాట చెప్పేదాన్ని. "మూడో పిలుపు దాటాక దేవుడొచ్చినా ఆగకండి." చప్పట్లు కొట్టేవారు. బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేదాన్ని.

ఈ ఏడాది రావులపాలెం నుంచి ఇచ్ఛాపురం దాకా సంఘాలన్నీ కలిసి ఒకటయ్యాయి. ఒకటో తారీఖు నుంచి ఏ యార్డులోనూ బోర్డుండదు. సీరియల్ ఫోన్‌లోనే వస్తుంది, ఫోన్‌లోనే 'సరే' అని నొక్కాలి. మైకు అక్కర్లేదు, పిలుపు అక్కర్లేదు. మీటింగుల్లో ఇది కావాలని అందరికన్నా గట్టిగా వాదించింది నేనే. మంచిదే కదా, డ్రైవరు పడిగాపులు పడక్కర్లేదు. చెయ్యెత్తి ఒప్పుకున్న రోజున నాకు నలభై నాలుగు పదహారు గుర్తుకే రాలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది.

పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి అమలాపురం నుంచి శ్రీలలిత అనే ఇంజనీరు వచ్చింది. వాళ్ల నాన్నగారు వేదం చెబుతారట, ఈవిడ డ్రైవర్లకి ఫోన్‌లో సీరియల్ ఎలా వేసుకోవాలో చెబుతుంది. ఇద్దరికీ ఓపిక ఒకటే అయివుంటుంది. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుందనగా ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"మేడమ్ గారండీ, ఒక బండి రెండు యార్డుల్లో ఉందండీ. ఒక్కచోటే ఉంచాలి. మన దగ్గరైతే తొమ్మిదేళ్లుగా ఒక్క లోడూ ఎత్తలేదు. కొత్త పద్ధతిలో యజమాని రాకపోయినా కార్యదర్శిగా మీరు సంతకం పెడితే చాలు, ఇక్కడ తీసేత్తానండి."

"నంబరెంత?" అన్నాను. అడగనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"నలభై నాలుగు పదహారండి. ఇచ్ఛాపురంలో ఉందండీ. మొన్న శుక్రవారం కూడా లోడెత్తేరు."

బతికే ఉన్నారు. ఇచ్ఛాపురం! అక్కడ నేను క్లాసు కూడా చెప్పొచ్చాను. ఆ గోడకి అవతలే ఎక్కడో బండి కింద పడుకుని ఉన్నారేమో.

ఆయన దరఖాస్తు చూపించమన్నాను. ఏడేళ్ల క్రితం నింపింది. ఆ ఫారం నేను తయారుచేసిందే. ఆయన తెచ్చిచ్చిన పదకొండు ఊళ్ల ఫారాలు చూసి నేను గీసిన గళ్లలో ఆయన చేతిరాత. సొంత యార్డు అన్నచోట 'రావులపాలెం' అని ఉంది. దారిలో ఏదైనా జరిగితే తెలియజేయవలసినవారు అన్నచోట 'ఝాన్సీ' అని ఉంది. పక్కన మా ఆఫీసు ల్యాండ్‌లైను నంబరు. సంబంధం అన్న గడిలో ఏదో రాసి, కనబడకుండా గట్టిగా కొట్టేశారు.

"అది కొంచెం పెద్దది చెయ్యమ్మా," అన్నాను.

పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. నల్లటి గీతలే తప్ప ఏమీ కనబడలేదు. శ్రీలలిత నా మొహం చూసి, మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోయింది.

ఆ ల్యాండ్‌లైను నాలుగేళ్ల క్రితం నేనే తీయించేశాను, హెల్ప్‌లైను పెట్టామన్న గర్వంలో. ఆయనకి దారిలో ఏదైనా అయి ఉంటే ఎవరో పుణ్యాత్ములు ఆ నంబరుకి చేసి, 'వాడుకలో లేదు' అని విని పెట్టేసేవారు. నాకెప్పటికీ తెలిసేది కాదు.

సాలమోను గారు ఇప్పుడు బండి మానేసి, రోజూ యార్డుకి టీ తాగడానికి మాత్రం వస్తారు. ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"బాబాయి గారూ, స్టీఫెన్ గారు ఇచ్ఛాపురంలో ఉన్నట్టు మీకు తెలుసా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "తెలుసమ్మా."

"తెలిసీ చెప్పలేదా! తొమ్మిదేళ్లు నేను గొంతు చించుకుంటుంటే వింటూ కూర్చున్నారా?"

"సీరియల్ కొట్టేత్తానన్నావు కదమ్మా. నువ్వు అడుగుతావని చూసేం. నువ్వు అడగవు, ఆయన రారు. మధ్యలో మేమేం చేత్తాం?" అని గ్లాసు పక్కకి జరిపి, "ఆ రోజు నా నంబరు పిలిచినప్పుడు నేను పలక్కుండా ఊరుకుంటే పోయేది. ఇంట్లో పొయ్యి వెలగట్లేదమ్మా, పలికేశాను," అన్నారు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నా కోపం ఎటో పోయింది.

ఇంకా ఏదో చెప్పబోయారు. వద్దన్నాను. పెళ్లయిందేమో, పిల్లలున్నారేమో. అది వింటే నేను కదలలేను.

ఫోన్ నంబరు దరఖాస్తులోనే ఉంది కదా, చెయ్యొచ్చు కదా అంటారు. ఏమని చెయ్యను? నేను చెప్పాల్సింది ఒక్కటే మాట, 'ఆ రోజు చూశాను' అని. తొమ్మిదేళ్లుగా గొంతులో అడ్డంపడి ఉంది. అది ఎదురుగా నిలబడి చెప్పాలి. ఎదురుగా నిలబడి దాచుకున్నదాన్ని కాబట్టి. ఒకటో తారీఖు వచ్చిందంటే నా బోర్డు మీద ఆ నంబరుండదు, పిలవడానికి మైకుండదు. ఆయన్ని పిలిచే హక్కే నాకుండదు.

మర్నాడు చీకటితోనే రాజమండ్రి వెళ్లి రైలెక్కాను. ఆఫీసు రిజిస్టరులో 'ఇచ్ఛాపురం యార్డు తనిఖీ' అని రాశాను. పద్ధతి పద్ధతే. దారి పొడుగునా చెప్పాల్సిన మాట నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. ఎదురు సీటావిడ నేనేదో జపం చేసుకుంటున్నాననుకుని పక్కకి జరిగి కూర్చుంది. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా ఆ కిటికీ వెనకనుంచి లేచి వెళ్లి వెతకలేదే అని శ్రీకాకుళం దగ్గర తట్టింది. పిలిచేదాన్ని కదా, పిలిస్తే వాళ్లే రావాలనుకున్నాను. బుద్ధిలేనిదాన్ని.

ఇచ్ఛాపురం యార్డు గేటు దాటేసరికి మధ్యాహ్నం మూడు. లోపల ముప్పై బండ్ల దాకా ఉన్నాయి. కిటికీ దగ్గర అక్కడి గుమస్తా గంగాధర్ మైకు పట్టుకుని ఉన్నాడు. నా క్లాసులో ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకున్న మనిషి. నన్నింకా చూడలేదు.

"నలభై నాలుగు పదహారు!" అన్నాడు.

ఆ నంబరుని ఇంకొకరు మైకులో పిలవగా వినడం అదే మొదటిసారి. అందరి మొహాలూ వెతికాను. ఎవరూ పలకలేదు. గంగాధర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అచ్చం నేను నేర్పినట్టే.

"నలభై నాలుగు పదహారు, రెండో పిలుపు!"

అప్పుడు కనబడ్డారు. యార్డు చివర బండి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు సగం నెరిసింది. చేతిలో టీ గ్లాసు. నేను చూడకముందే ఆయన నన్ను చూసినట్టున్నారు. చూస్తూనే ఉన్నారు. గ్లాసు వంగి టీ కారిపోతోంది, అదీ తెలియట్లేదు. తన నంబరు పిలుస్తున్నారన్నదే వినబడట్లేదు ఆయనకి.

పలకండి స్టీఫెన్ గారూ, పలకండి అని లోపల మొత్తుకుంటున్నాను. ఆయన పలకలేదు.

"నలభై నాలుగు పదహారు, మూడో పిలుపు!"

గంగాధర్ చాక్‌పీసు తీశాడు. పక్క బండాయన సంతోషంగా ముందుకి జరిగాడు. గడియారం ముల్లు తిరుగుతోంది. ఇంకో పది సెకన్లుంటాయేమో.

"ఆయ్!" అని అరిచాను. నా మైకు గొంతే, మైకు లేదంతే. యార్డు యార్డంతా వెనక్కి తిరిగింది.

గంగాధర్ నన్ను గుర్తుపట్టి బిత్తరపోయాడు. "మేడమ్ గారా! మీరేటి ఇలాగ... బండాయనే పలకాలని మీరే కదా సెప్పినారు?"

"చెప్పాను. తప్పు చెప్పాను. ఆయన అదుగో, అక్కడున్నారు. నేను చూశాను."

స్టీఫెన్ గారు మెట్టు దిగారు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నాలుగడుగులు వచ్చి ఆగారు.

"చూసేరాండీ?" అన్నారు.

అదే గొంతు. అదే ప్రశ్న. రైల్లో అంతసేపు అనుకున్నదంతా ఎగిరిపోయి ఏడుపొచ్చేసింది.

"చూశానండీ. ఆ రోజూ చూశాను. మీరు చెయ్యెత్తారు, చంకలో ఫ్రేముంది. చూసే కొట్టేశాను."

ఆయన కళ్లు కూడా తుడుచుకోకుండా నా వైపే చూస్తూ నిలబడ్డారు. వెనక గంగాధర్ చాక్‌పీసు పట్టుకుని ఒకసారి బోర్డు వైపు, ఒకసారి మా వైపు చూస్తున్నాడు.

"మేడమ్ గారండీ, నిమిషం దాటిపోనాదండీ," అన్నాడు.

"దాటనీ," అన్నాను.